జగ్గయ్యపేట ఫలకంలోని చక్రవర్తి: మూర్తి నిర్ణయం

ఆంధ్రదేశపు ప్రాచీన శిల్పంలో రాజమూర్తులను గూర్చి చర్చ వచ్చినప్పుడు మొదట పేర్కొనదగినది జగ్గయ్యపేట స్తూపానికి చెందిన చక్రవర్తి ఫలకం. నేటి ఎన్.టి.ఆర్. జిల్లాలోని ఈ స్తూపం వెలసిన గుట్టను స్థానికులు ధనంబోడు అని వ్యవహరించేవారు. నాణెముల వాన కురిపించిన రాజు అక్కడనే బయల్పడడం యాదృచ్ఛికమే కావచ్చును గాని ముచ్చట గొలుపుతుంది. 1882లో జేమ్స్ బర్జెస్ ఈ స్థలాన్ని పరిశీలించి, 1887లో అమరావతి స్తూపంతో పాటు దీని విశేషాలను గ్రంథరూపంలో ప్రకటించాడు. ఫలకం ఇప్పుడు చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. పాత ఆంగ్ల గ్రంథాలు దీనిని పాలరాతి శిల్పమన్నాయి. నిజానికిది పల్నాటి సున్నపురాయి; నునుపు దేలిన తెల్లని ఛాయ వలన ఆ పేరు నిలిచిపోయింది.

ఫలకం లోతులేని చెక్కడం. మధ్యలో రాజు నిలిచి ఉన్నాడు. శరీరం సన్నగా, పొడవుగా ఉన్నది. తలపై పెద్ద పాగా, దానికి పైన ఛత్రం. ఒక చేయి మేఘాలకేసి ఎత్తి, రెండవ దానిని రొమ్మునకు ఆనించాడు. మేఘాల నుండి చతురస్రాకారపు నాణెములు రాలుతున్నాయి. చుట్టును చక్రం, గజం, అశ్వం, మణి, స్త్రీ, గృహపతి, పరిణాయకుడు అనే సప్తరత్నాలు.

సప్తరత్నాలు ఏ చక్రవర్తికైనా చెల్లుతాయి. కావున వాటిని బట్టి ఇతడు చక్రవర్తి అని మాత్రమే తేలుతుంది, ఏ చక్రవర్తియో తేలదు. వ్యక్తిని నిర్ణయించేది నాణెముల వాన. అది మాంధాత కథకు చెందినది. మహాభారతంలో యువనాశ్వుని పార్శ్వం నుండి పుట్టి ఇంద్రుని వ్రేలు చప్పరించి పెరిగిన మాంధాతయే దివ్యావదానంలో ఉపోషధుని శిరస్సున పుట్టి మూర్ధాతుడని కూడ పేరొందాడు. దేవలోకానికి పోయి, శక్రుని అర్ధాసనంతో తృప్తి పడక, పూర్ణాసనాన్ని కోరి భ్రష్టుడైనాడు.

ఇక్కడ ఒక సూక్ష్మ విషయం గమనింపదగినది. పాలి మాంధాతు జాతకపు వచనభాగంలో రాజు ఎడమచేతిని ముడిచి కుడిచేతితో చరిచినప్పుడు కురిసినది సప్తవిధ రత్నవర్షం. గాథలో ఉన్నది మాత్రం కార్షాపణ వర్షం. ఆ గాథ ధమ్మపదంలోను కనిపిస్తుంది. జాతకాలలో గాథలు ప్రాచీనాలు, వచనం తరువాతి వ్యాఖ్యానం అన్నది విదితమే. జగ్గయ్యపేట శిల్పి చెక్కినవి రత్నాలు కావు, నాణెములు. అందునా పలకలుగా ఉన్న ముద్రాంకిత నాణెముల వంటివి. శిల్పం గాథా సంప్రదాయాన్నే అనుసరించిందనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. కార్షాపణాలు ఎన్ని కురిసినా కోరిక తీరదన్నది ఆ గాథాభావం. అట్లయితే ఈ మూర్తిని రాజవైభవ స్తుతిగా వివరించడం సగం మాత్రమే సరియైనది. పతనానికి ముందరి క్షణం ఇది. కథ తెలిసిన భిక్షువుకు మిగిలిన సగం విప్పి చెప్పనక్కరలేదు.

ముఖాన్ని బట్టి గుర్తించవచ్చునా అనే ప్రశ్నకు ఆనాటి సంప్రదాయంలో తావు తక్కువ. భాసుని ప్రతిమానాటకంలో భరతుడు ప్రతిమాగృహంలోని నాలుగవ మూర్తి తన తండ్రిదని నిశ్చయంగా తెలుసుకున్నది దేవకులికుని మాట వలన. నానాఘాట్ గుహలో శాతవాహన రాజకుటుంబపు మూర్తులు శిథిలమైపోగా, సిముకుడు, నాయనిక, శ్రీ శాతకర్ణి మొదలైన పేర్లు మాత్రం మిగిలాయి. కర్ణాటకలోని కనగనహళ్లిలో 1990 దశకపు తవ్వకాలలో బయల్పడిన ఫలకంపై రాజు, అతని పేరు రెండును దక్కాయి. ‘రాయో అసోకో’ అన్న బ్రాహ్మీ అక్షరాలు లేకున్న ఆ మూర్తిని అశోకునిగా ఎవరును గుర్తించి ఉండరు. జగ్గయ్యపేటలో పేరు లేదు. ఆ పనిని నాణెములు చేశాయి.

ఈ మూర్తిని ఇక్ష్వాకు రాజులతో ముడిపెట్టాలనే ఆకర్షణ సహజం. మాంధాత ఇక్ష్వాకు వంశీయుడు. విజయపురి రాజులు ఆ వంశనామాన్నే ధరించారు. పైగా ఈ స్తూపంలోనే వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరపు శాసనం ఉన్నది. కాని శైలిని బట్టి ఫలకం సుమారు క్రీ.పూ. 1వ శతాబ్దిది, శాసనం క్రీ.శ. 3వ శతాబ్దిది. ఆవేసని సిద్ధార్థుడు మహాచేతియపు తూర్పు ద్వారం వద్ద ఐదు ఆయక స్తంభాలను నిలిపేనాటికే ఈ ఫలకం పాతదై ఉన్నది. అతని శాసనం రాజును, దానాన్ని పేర్కొన్నదే గాని మాంధాత ఊసెత్తలేదు.