అల, మౌజ్, తరంగము

నిశ్చలమైన నీటిలో రాయి పడితే వలయాలు పుట్టి ఒడ్డు వరకు వ్యాపించుట మనమందరము చూచినదే. అయితే ఆ వలయాలతోపాటు ఒడ్డు చేరేది నీరేనా? ఈ ప్రశ్నకు విద్యార్థులలో పెక్కుమంది తడుముకొనకుండా అవుననే అంటారు. దొంతన్‌పల్లికి తూర్పు దిక్కున గండిపేట చెరువున్నది. 1908 నాటి మూసీ వరద అనంతరము నిర్మాణమునకు పూనుకొనగా 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగర్ అదే. గాలి అంతగా లేని వేళ ఆ గట్టున నిలిచి, నీటిపై తేలే ఎండుటాకు నొకదానిని గమనిస్తే నిజము తెలుస్తుంది. అల ఆకు క్రిందుగా సాగిపోతుంది. ఆకు మాత్రము పైకి లేచి, కొంచెము ముందుకు జరిగి, క్రిందికి దిగి, దాదాపు తొలుత ఉన్న చోటికే వస్తుంది. మేడ కట్టేచోట కూలీలు వరుసగా నిలిచి ఇటుకలు అందించుకొనునప్పుడు ఇటుక పైకంటా పోతుంది, కూలీ తన చోటనే ఉంటాడు. నీటి బిందువు ఆ కూలీ వంటిది. చేతులు మారి పోయేది కదలిక, అనగా శక్తి.

అల, కెరటము అన్నవి మన ఇంటి మాటలు. శాస్త్రగ్రంథాలు సంస్కృతము నుండి తరంగము అనే మాటను స్వీకరించినవి. ఉర్దూలోనూ ఇదే తీరు. లహర్ ఇంటి మాట, అరబ్బీ నుండి వచ్చిన మౌజ్ గ్రంథపు మాట. తెలుగులో తరంగ దైర్ఘ్యమన్నా, ఉర్దూలో తూలె మౌజ్ అన్నా అర్థమొక్కటే, అల పొడవు. ఇంట ఉర్దూ మాట్లాడుతూ కళాశాలలో తెలుగు పాఠ్యగ్రంథము పట్టుకొనే విద్యార్థి ఈ మాటలను చూచి బెదరి, అర్థము విడిచి అక్షరాలను వల్లెవేయుట మేము ఏటేటా చూస్తున్నదే. భాష బోధించేవారము గనుక మాటల వైపు నుండియే ఈ విషయములోనికి ప్రవేశిస్తున్నాము.

శృంగమంటే కొమ్ము, శిఖరము. అల ఎత్తైన భాగము. ద్రోణి అంటే తొట్టి, దోనె. రెండు శృంగాల నడిమి పల్లము. ఒక శృంగము నుండి మరుసటి శృంగము వరకు ఉన్న దూరమే తరంగ దైర్ఘ్యము. పౌనఃపున్యము అనగానే విద్యార్థికి నాలుక తిరగదు. కాని అందులో ఉన్నది "పునః పునః" అన్న మాటే. సెకనులో ఎన్ని మారులు మళ్ళీ మళ్ళీ జరిగినదో ఆ లెక్క. దానిని తరంగ దైర్ఘ్యముతో గుణిస్తే వేగము వస్తుంది. తిర్యక్ అంటే అడ్డము. నిలువుగా కాక అడ్డముగా సాగే దేహము గలవి గనుకనే పశుపక్ష్యాదులను మన పూర్వులు తిర్యక్కులన్నారు. అల సాగే దిక్కునకు అడ్డముగా కదలిక ఉంటే అది తిర్యక్ తరంగము. త్రాటి కొనను పట్టి పైకీ క్రిందికీ ఆడిస్తే పుట్టేది ఇదే. అల సాగే దిక్కుననే ముందు వెనుకలుగా కదలిక ఉంటే అనుదైర్ఘ్య తరంగము.

గాలిలో ధ్వని ఈ రెండవ జాతికి చెందినది. చప్పట్లు కొట్టినప్పుడు గాలి ఒకచోట నొక్కుకొని, ప్రక్కనే పలుచబడి, ఆ నొక్కు సెకనుకు సుమారు 340 మీటర్ల వేగముతో సాగిపోతుంది. గోల్కొండ కోట ప్రవేశద్వారపు గుమ్మటము క్రింద చప్పట్లు కొడితే, సుమారు ఒక కిలోమీటరు దూరాన కొండపైనున్న బాలాహిసారులో వినబడుట విహారయాత్రకు వెళ్ళినవారందరికీ అనుభవమే. దానిని మాయగా చెప్పుకొనే మార్గదర్శకులున్నారు. గుమ్మటపు వంపు ధ్వనిని చెదరనీయక ప్రతిఫలింపజేయుటలోనే ఉన్నది ఆ మాయ. గడియారము చేతనుంచుకొని వెళితే, చప్పుడు పైకి చేరుటకు మూడు సెకన్లు పట్టుట కూడ తెలుస్తుంది.

కాంతి సంగతి కొంత చిక్కైనది. చూపు కంటి నుండి వెలువడి వస్తువును తాకదని, వస్తువు నుండి వచ్చిన కాంతియే కంటిలో ప్రవేశిస్తుందని పదకొండవ శతాబ్దిలో ఇబ్నుల్ హైసమ్ తన కితాబుల్ మనాజిర్‌లో నిరూపించినాడు. కాంతి తరంగమని హైగెన్స్ పదునేడవ శతాబ్దిలో వాదించగా, పందొమ్మిదవ శతాబ్ది ఆరంభములో యంగ్ ప్రయోగముతో చూపినాడు. ఒక కాంతి శృంగము మరొక కాంతి ద్రోణిపై పడితే అచ్చట చీకటి ఏర్పడుతుంది. కాంతికి కాంతి తోడై చీకటి యగుట తరంగమునకు గాని సాధ్యము కాదు. వానవేళ బస్సు ఆగుచోట నేలపై పరచుకొన్న నూనె పొరలో కనిపించే రంగులు ఈ కలయిక ఫలితములే. అయితే నీటి అలకు నీరు, ధ్వనికి గాలి వంటి ఒక పదార్థము కావలెను. కాంతికి ఏదియు అక్కరలేదు. సూర్యుని నుండి శూన్యము గుండానే వస్తున్నది.

మరి మసీదు మీనారు గోడచాటున కనబడకున్నా అజాన్ ఎట్లు వినబడుతున్నది? తరంగము తన పొడవుతో పోల్చదగిన అడ్డు ఎదురైతే ప్రక్కకు వంగి పోగలదు. మానవ కంఠధ్వని తరంగము జానెడు మొదలు మూడు మీటర్ల దాకా ఉంటుంది. కాంతి తరంగము మిల్లీమీటరులో సుమారు రెండువేలవ వంతు. గోడ అంచున ధ్వని సులువుగా వంగుతుంది, కాంతి వంగినా మన కంటికి తెలియనంత స్వల్పము.

ఇక సముద్రము. మన భాషలో ఉప్పెన అన్నది ఒకే మాట గాని, అందు రెండు వేరు సంగతులున్నవి. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది ప్రాణాలు బలిగొన్నది తుపాను గాలి త్రోసుకొనివచ్చిన నీరు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ అట్టిది కాదు. ఆ ఉదయము 6 గంటల 29 నిమిషములకు సుమత్రా చెంత సముద్రపు అడుగుభాగము పైకి లేచి, తనపైనున్న నీటినంతటినీ లేపినది. ఆ కంపన తరంగము శిలల గుండా సుమారు ఐదు నిమిషాలలో హైదరాబాదు నేలను చేరినది. నీటి తరంగము మన కోస్తా తీరమును చేరుటకు రెండున్నర గంటలు పట్టినది. ఈ వ్యవధి అంతయు వృథా అయినది. హిందూ మహాసముద్రమునకు నాడు హెచ్చరిక వ్యవస్థయే లేదు. ఆంధ్ర తీరములో నూరుమందికి పైగా మరణించినారు.

సునామీ వేగము నీటి లోతును బట్టి ఉంటుంది. నాలుగు వేల మీటర్ల లోతున గంటకు సుమారు 700 కిలోమీటర్లు, పది మీటర్ల లోతున 36. నడిసముద్రములో ఎత్తు మీటరైనా ఉండదు, పొడవు మాత్రము వందల కిలోమీటర్లు. పడవలోని జాలరికి తన క్రిందుగా అది పోయినట్లే తెలియదు. తీరము సమీపించగా ముందు భాగము మందగిస్తుంది, వెనుక భాగము వచ్చి దానిపై కూడుకొంటుంది, ఎత్తు పెరుగుతుంది. ద్రోణి ముందుగా చేరినచోట సముద్రము వెనుకకు పోయి అడుగునేల బయటపడుతుంది. 2004లో కొన్ని తీరాలలో ఆ వింత చూడబోయినవారు మరలి రాలేదు. ద్రోణి అన్న మాటను వల్లెవేసిన విద్యార్థికీ, దాని వెనుక శృంగమున్నదని ఎరిగిన విద్యార్థికీ గల భేదము ఇట్టిచోట ప్రాణములతో కూడినది.

2007 అక్టోబరు నుండి భారత సునామీ హెచ్చరిక కేంద్రము పనిచేస్తున్నది. అది ఉన్నది సముద్రమునకు ఎంతో దూరాన, హైదరాబాదులోని ప్రగతినగర్‌లో. సముద్రపు అడుగున ఉంచిన పరికరము పైనున్న నీటి బరువులో వచ్చే స్వల్ప భేదమును పసిగట్టి, ఆ వార్తను ధ్వని తరంగాలుగా ఉపరితలమందలి తేలుబుడగకు పంపుతుంది. అచ్చటి నుండి కాంతి జాతికే చెందిన రేడియో తరంగాలు ఉపగ్రహము ద్వారా దానిని కేంద్రమునకు చేరుస్తాయి. 2012 ఏప్రిల్ 11న సుమత్రా చెంతనే మరొక మహాభూకంపము, 8.6 తీవ్రత గలది, సంభవించినది. ఈమారు సముద్రపు నేల ప్రధానముగా ప్రక్కకు జరిగినదే గాని పైకి లేవలేదు. నీరు పెద్దగా లేవలేదు. మన తీరమునకు నష్టము కలుగలేదు.