పలుచటి పొర బొట్లుగా విడిపోకుండా ఎలా ఆపుతారు?

జిడ్డు పళ్లెం మీద నీళ్లు పోస్తే పరుచుకోవు, బొట్లుబొట్లుగా ముడుచుకుంటాయి. సిలికాన్ పలక మీది పలుచటి పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ పొరను వేడిచేసినా అదే గతి. మరి ఆపేదెలా?

కాస్త ఫుల్లరీన్ కలపాలి. 60 కార్బన్ పరమాణువులు ఫుట్‌బాల్ ఆకారంలో అల్లుకున్న బుల్లి బంతి అది, 1985లో కనుగొన్నారు. చూడటానికి నల్లపొడే, టోలుయీన్ అనే ద్రావణిలో కరిగిస్తే మాత్రం నేరేడుపండు పిండినట్టు ఊదారంగు! అందులోనే పాలిస్టైరీన్‌నూ కరిగించి, పలక మీద కాసిని చుక్కలు వేసి గిర్రున తిప్పుతారు, నిమిషానికి వేలసార్లు. ద్రవం అంచులకు చిమ్ముకుపోతుంది, టోలుయీన్ ఆవిరవుతుంది. మిగిలేది పదుల నానోమీటర్ల పొర, వెంట్రుక మందంలో సుమారు వెయ్యోవంతు.

ఇంత పలుచటి మందాన్ని కొలవడమెలా? పొరను పలకదాకా సన్నగా గీరి, అతిసూక్ష్మమైన సూదిమొనను ఆ గాడి మీదుగా నడిపిస్తారు. మొన ఎంత దిగితే మందం అంత.

ఇక ఆ ఫుల్లరీన్ బంతులేమో పొర అడుగుకు చేరి పలక పక్కన గుమిగూడతాయి. అందుకే వేడికి పొర ముడుచుకోదు.