చెరకు ఆకు నుంచి చాయ్ కప్పు దాకా: పదో తరగతి జీవశాస్త్రం మొత్తం ఒకే కథ

నిజామాబాద్: పరీక్షలు దగ్గరపడితే జీవశాస్త్రం పుస్తకం చూసి భయపడే పిల్లలు మన ఇళ్లల్లో తక్కువేం లేరు. కణం ఒక పాఠం, శ్వాసక్రియ ఇంకో పాఠం, ఆవరణ వ్యవస్థ మరో పాఠం. దేనికది బట్టీ పడతారు, పరీక్ష అయ్యాక మర్చిపోతారు. ఉర్దూ మీడియం నుంచి మారిన పిల్లలకు ఇంకో కష్టం. నిన్నటి దాకా ‘ఖలియా’ అని చదివింది ఇవాళ ‘కణం’ అవుతుంది, రేపు కాలేజీలో ‘సెల్’ అవుతుంది. నిజానికి ఈ పాఠాలన్నీ ఒకదానికొకటి ముడిపడినవే. అది అర్థం కావడానికి బోధన్, నిజామాబాద్ పిల్లలకు ల్యాబ్ కూడా అక్కర్లేదు. చాయ్‌లో వేసే ఒక చెంచా చక్కెర చాలు.

అసలు ఫ్యాక్టరీ ఆకులోనే

బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది. అది ఉన్న చోటిని శక్కర్‌నగర్ అన్నారు. కానీ అక్కడ జరిగింది చెరకు రసంలో ఉన్న చక్కెరను వేరు చేసి శుద్ధి చేయడమే. చక్కెర తయారైంది చెరకు ఆకులోని కణాల్లో.

ఆకు కణంలో హరితరేణువులు ఉంటాయి. వాటిలోని పత్రహరితం ఎండను పట్టుకుంటుంది. వేర్లు పీల్చిన నీళ్లు దారువు గుండా ఆకుకు చేరతాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పత్రరంధ్రాల గుండా లోపలికి వస్తుంది. ఈ మూడూ కలిస్తే చక్కెర తయారవుతుంది, ఆక్సిజన్ బయటికి పోతుంది. ఇదే కిరణజన్య సంయోగ క్రియ. తయారైన చక్కెర పోషక కణజాలం గుండా కిందికి దిగి గడలో నిల్వ ఉంటుంది.

ఇంటర్ బైపీసీకి వెళ్లేవాళ్లకు ఇంకో మాట. చెరకు ఆకు కార్బన్ డయాక్సైడ్‌ను ముందు పత్రాంతర కణాల్లో పట్టి, తర్వాత ఈనెల చుట్టూ ఉండే కణాలకు పంపి, అక్కడ చక్కెర చేస్తుంది. దీన్ని సీ4 పద్ధతి అంటారు. 1966లో హ్యాచ్, స్లాక్ అనే శాస్త్రవేత్తలు ఆస్ట్రేలియాలో, ఒక చక్కెర కంపెనీ ల్యాబ్‌లో, చెరకు ఆకుల మీదే పని చేసి దీన్ని వివరించారు. వరికి ఈ ఏర్పాటు లేదు. అందుకే మండే ఎండలో చెరకు చేసినంత సమర్థంగా వరి ఆకు పని చేయలేదు.

మన ఒంట్లోకి వచ్చాక

చాయ్‌లోని చక్కెర చిన్నపేగులో గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోయి రక్తంలో కలుస్తుంది. రక్తంలో పెరిగిన గ్లూకోజ్ కండరాల్లాంటి చోట్ల కణాల్లోకి సరిగ్గా వెళ్లాలంటే ఇన్సులిన్ కావాలి. దాన్ని క్లోమంలోని బీటా కణాలు తయారు చేస్తాయి. కణం లోపల మైటోకాండ్రియా ఆక్సిజన్ సాయంతో ఆ గ్లూకోజ్ నుంచి శక్తి తీస్తుంది. అదే శ్వాసక్రియ.

ఇన్సులిన్ చాలకపోయినా, ఉన్న ఇన్సులిన్‌కు కణాలు సరిగ్గా స్పందించకపోయినా గ్లూకోజ్ రక్తంలోనే మిగిలిపోతుంది. ఇంట్లో దాదీకో నానీకో ఉన్న ‘షుగర్’ ఇదే. చాయ్‌లో చక్కెర మానేశాను, ఇక ఫరవాలేదు అనుకునే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ అన్నం, రొట్టె, షీర్ ఖుర్మాలోని సేమియా కూడా చివరికి గ్లూకోజే అవుతాయి. పాఠం అర్థమైన పిల్లలు ఈ ఒక్క మాట ఇంట్లో చెప్పగలిగితే, అది మార్కుల కంటే పెద్ద లాభం.

పొలం లెక్క

మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసి మళ్లీ ఏదో ఒక ఆకుకే చేరుతుంది. కామర్స్ చదివిన నాకు ఇది లెడ్జర్‌లా కనిపిస్తుంది. ఒక ఖాతాలో ఖర్చు, ఇంకో ఖాతాలో జమ. పదార్థం ఎటూ పోదు, చేతులు మారుతుంది.

శక్తి లెక్క మాత్రం వేరు. అది తిరిగి రాదు. మొక్కలో 1000 కేలరీలు ఉంటే, దాన్ని తిన్న ఎలుకకు దాదాపు 100, ఎలుకను తిన్న పాముకు దాదాపు 10 మాత్రమే మిగులుతాయి. మిగతాది చాలావరకు వేడిగా పోతుంది. అందుకే పొలంలో మొక్కలు లక్షల్లో ఉన్నా, గద్దలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటాయి.

ఈ గొలుసులో చిన్న జీవి పాత్ర కూడా పెద్దదే. చెరకును తొలిచే పీక పురుగు గుడ్లలో ట్రైకోగ్రామా అనే చిన్న కందిరీగ తన గుడ్లు పెడుతుంది. పీక పురుగు పుట్టకముందే చస్తుంది. విచ్చలవిడిగా మందు కొడితే పురుగుతో పాటు ఈ కందిరీగ కూడా పోతుంది. అప్పుడు రైతుకు మళ్లీ మందు ఖర్చే.

బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఒకప్పటి చెరకు పొలాలు చాలావరకు వరి మళ్లయ్యాయి. పంట మారితే పురుగు మారుతుంది, పిట్ట మారుతుంది, మట్టి కూడా మారుతుంది. నీళ్లు నిలిచిన మడిలో ఆక్సిజన్ లేని బురదలో బతికే సూక్ష్మజీవులు మీథేన్ వదులుతాయి. ఆవరణ వ్యవస్థ అంటే పుస్తకంలో బొమ్మ కాదు, మంజీర కాలువ పక్కన మన కళ్ల ముందు ఉన్నదే.

కాబట్టి అమ్మీ, అబ్బాలకు ఒక మనవి. పిల్లల్ని ‘నిర్వచనం అప్పజెప్పు’ అనకండి. ‘ఈ చక్కెర ఎక్కణ్నుంచి వచ్చింది, ఎటు పోతుంది?’ అని అడగండి. ఆకు, గడ, పేగు, రక్తం, కణం, గాలి అంటూ ఆగకుండా చెప్పగలిగితే సగం పుస్తకం వచ్చినట్టే. ఎక్కడ ఆగిపోతారో, ఆ పాఠం మళ్లీ చదివించండి.