ఫోన్‌లో "టక్" కావాలా, "బర్ర్" కావాలా? హాప్టిక్స్ అసలు కథ

కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా చూస్తాం, ర్యామ్ అడుగుతాం. రోజూ వందల సార్లు వేలికి తగిలే వైబ్రేషన్ సంగతి మాత్రం ఎవరూ అడగరు.

నేనూ పట్టించుకోలేదు, ఒక యాప్ టెస్ట్ చేసేదాకా. బటన్ నొక్కితే 20 మిల్లీసెకన్ల వైబ్రేషన్ రావాలని కోడ్ రాశా. ఒక ఫోన్‌లో చక్కగా "టక్" అంది. ఇంకో దాంట్లో ఏమీ తెలియలేదు. కోడ్ ఒకటే, తేడా లోపలి మోటార్‌ది.

ఈఆర్‌ఎమ్: చవక ఫోన్లలో ఎక్కువగా ఇదే. చిన్న మోటార్, దాని షాఫ్ట్‌కి ఒక పక్కకే బరువు. తిరిగితే బ్యాలెన్స్ తప్పి ఫోన్ వణుకుతుంది. రెక్క వంగిన సీలింగ్ ఫ్యాన్ ఊగినట్టే అన్నమాట. ఫ్యాన్ లాగే స్పీడ్ అందుకోవడానికీ, ఆగడానికీ టైం పడుతుంది. అందుకే నా 20 మిల్లీసెకన్లు దానికి చాలలేదు. స్పీడ్‌గా టైప్ చేస్తే ఒక అక్షరం వైబ్రేషన్ ఇంకో దాంట్లో కలిసిపోయి "బర్ర్" మంటుంది.

ఎల్‌ఆర్‌ఏ: ఇందులో తిరగడం ఉండదు. స్ప్రింగ్ మీదున్న బరువుని కాయిల్, అయస్కాంతం కలిసి ఇటూ అటూ కదుపుతాయి. త్వరగా మొదలై త్వరగా ఆగుతుంది కాబట్టి "టక్" క్లియర్‌గా ఉంటుంది. ఎక్స్-యాక్సిస్ అంటే బరువు స్క్రీన్‌కి సమాంతరంగా కదిలే రకం. దాంట్లో బరువు కదలడానికి చోటు ఎక్కువ, ఫీల్ కూడా బాగుంటుంది.

ఇది వేలిని ఎంత బాగా మోసం చేస్తుందంటే, 2016లో వచ్చిన ఐఫోన్ 7 హోమ్ బటన్ అసలు కదలదు! 2015 నుంచి వస్తున్న మ్యాక్‌బుక్ ఫోర్స్ టచ్ ట్రాక్‌ప్యాడ్ కూడా అంతే. పవర్ ఆఫ్ చేసి నొక్కి చూడండి, క్లిక్ ఉండదు.

మోటార్ ఒక్కటే మంచిదైతే సరిపోదు, సాఫ్ట్‌వేర్ కూడా కుదరాలి. ఆండ్రాయిడ్ 8 నుంచి యాప్‌లు వైబ్రేషన్ బలాన్ని కూడా చెప్పొచ్చు. కానీ ఫోన్ సపోర్ట్ చేయకపోతే ఆన్, ఆఫ్ తప్ప ఇంకేం ఉండదు.

ఇదంతా షోకు అనుకోకండి. చూపు లేనివాళ్లు వాడే టాక్‌బ్యాక్‌లో మాటతో పాటు వైబ్రేషన్ కూడా ఒక గుర్తు. అది మసకగా ఉంటే వాళ్లకి ఒక దారి మూసుకున్నట్టే.

కాబట్టి ఈసారి షాప్‌లో డెమో ఫోన్ తీసుకుని, కీబోర్డ్ వైబ్రేషన్ ఆన్ చేసి, మీ పేరు గబగబా టైప్ చేయండి. ప్రతి అక్షరం విడిగా తెలిసిందా? అయితే మోటార్ మంచిదే. స్పెక్ షీట్ చెప్పనిది మీ బొటనవేలు చెప్పేస్తుంది.