వ్యవహార ఆంగ్ల పదజాలము

నిత్య జీవితములోను, ఉద్యోగ స్థలాలలోను సామాన్యముగా వాడబడు ఆంగ్ల పదాలను '''వ్యవహార ఆంగ్ల పదజాలము''' అంటారు. బ్యాంకు, రైల్వే, ఆసుపత్రి, రెవెన్యూ కార్యాలయము, కర్మాగారము మొదలైన చోట్ల ఈ పదాలు తరచుగా వినిపిస్తాయి. ఆంగ్లము నేర్చుకొను తెలుగువారికి వీటిలో అనేకము ముందే పరిచయమై ఉంటాయి. అయితే తెలుగులోనికి వచ్చిన తరువాత కొన్నిటి ఉచ్చారణ, కొన్నిటి అర్థము మారినవి. అందువలన తెలిసిన పదమే ఒక్కొక్కప్పుడు పొరపాటుకు కారణమవుతుంది.

== చారిత్రక నేపథ్యము ==

ప్రజల భాష ఒకటి, పాలన భాష మరొకటి కావడము కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతములో ప్రాచీన కాలము నుండి కనిపిస్తుంది. తుగ్గలి మండలములోని ఎర్రగుడి వద్ద ఉన్న అశోకుని శాసనాలు (క్రీ.పూ. 3వ శతాబ్ది) బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కబడినవి. రాజాజ్ఞను జనపదములోని ప్రజలకు తెలియజేయు బాధ్యత రజ్జుకులు అను అధికారులకు అప్పగించినట్లు వీటిలో ఉన్నది.

తరువాత ఆదోని ప్రాంతము బీజాపూరు సుల్తానులు, మొగలులు, నిజాముల పాలనలో ఉన్నది. ఆ కాలములో అర్జీ, హాజరు, జామీను, దస్తావేజు, తహశీల్దారు, జిల్లా వంటి పారశీక, అరబ్బీ మూలపదాలు తెలుగులో స్థిరపడినవి. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఆంగ్లేయులకు దత్తము చేయగా, దత్త మండలాలకు సర్ థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. మద్రాసు గవర్నరుగా పర్యటిస్తూ 1827 జూలై 6న ఆయన తుగ్గలికి సమీపములోని పత్తికొండలో కలరా వ్యాధితో మరణించాడు.

కంపెనీ కచేరీలలో పాత పదాలు, ఆంగ్ల పదాలు కలగలిసినవి. వ్యవహారములోని ఇటువంటి పదాలను వివరించుటకు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1852లో జిల్లా నిఘంటువును, 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రచురించాడు. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టము తెలుగును రాష్ట్ర అధికార భాషగా చేసినప్పటికీ, ఆంగ్ల పదాలు వాడుకలో నిలిచే ఉన్నవి.

== రూపము మారిన పదాలు ==

తెలుగు పదాలు ప్రధానముగా అచ్చుతో ముగుస్తాయి. అందుచేత బస్, రోడ్, టికెట్ అనునవి బస్సు, రోడ్డు, టికెట్టు అయినవి. హ్రస్వము తరువాతి చివరి హల్లు తరచుగా ద్విత్వమవుతుంది. గుంతకల్లు - డోన్ మార్గములో తుగ్గలికి రైల్వే స్టేషను ఉన్నది. స్టేషను అను పదమే పల్లె వాడుకలో 'టేసను' అవుతుంది. హాస్పిటల్ 'ఆసుపత్రి'గా, లాంటర్న్ 'లాంతరు'గా మారి తెలుగు పదాలవలెనే కలిసిపోయినవి.

ఆంగ్లములో మాట్లాడునప్పుడు చివరి ఉకారాన్ని విడువవలెను. అలాగే ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్ అను పదాలకు ఆంగ్లములో బహువచనము లేదు. తెలుగులో '-లు' చేర్చు అలవాటు వలన అభ్యాసకులు ఇక్కడ తరచుగా పొరబడుతారు.

== అర్థము మారిన పదాలు ==

* '''కరెంటు''' - తెలుగులో విద్యుత్తు. ఆంగ్లములో ప్రవాహము అనియు, ప్రస్తుతము అనియు అర్థాలున్నవి. విద్యుత్ సరఫరాను వాడుకలో 'పవర్' అంటారు. బ్యాంకులోని కరెంట్ ఖాతాకు విద్యుత్తుతో సంబంధము లేదు.
* '''హోటలు''' - తెలుగులో భోజనశాల కూడా. ఆంగ్లములో ముఖ్యముగా బస చేయు చోటు. తినుటకు మాత్రమే అయితే 'రెస్టారెంట్'.
* '''డౌటు''' - తెలుగులో అడుగదలచిన ప్రశ్న. ఆంగ్లములో నమ్మకము లేకపోవుట. తెలియని విషయము అడుగునప్పుడు 'క్వశ్చన్' అనుట మేలు.
* '''బంకు''' - తెలుగులో పెట్రోలు అమ్ము చోటు. ఆంగ్లములో ఒకదానిపై ఒకటిగా అమర్చిన పడక. పెట్రోలు దొరకు చోటు 'పెట్రోల్ స్టేషన్'.

ఇటువంటి మార్పు ఆంగ్ల పదాలకే పరిమితము కాదు. ఉర్దూలో ఒప్పుదల పత్రమును సూచించు 'రాజీనామా' తెలుగులో ఉద్యోగము వదలుటను సూచిస్తుంది.

== పనిచోట పదాలు ==

కర్నూలు పశ్చిమ ప్రాంతము నుండి అనేకులు పనుల కొరకు బెంగళూరు, గుంటూరు వంటి చోట్లకు వలస వెళతారు. ఆదోని ప్రత్తి వ్యాపారానికి, ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందినవి. ఇటువంటి చోట్ల పదము సరిగా తెలియకపోతే డబ్బు నష్టము కలుగవచ్చును.

* '''వేజ్, శాలరీ''' - రోజుకు, వారానికి లెక్కగట్టు కూలిని సామాన్యముగా వేజ్ అనియు, నెల జీతాన్ని శాలరీ అనియు అంటారు.
* '''గ్రాస్, నెట్''' - కోతలకు ముందున్న మొత్తము గ్రాస్. కోతలు పోగా చేతికి వచ్చునది నెట్. ఈ కోతలను డిడక్షన్లు అంటారు.
* '''అడ్వాన్సు''' - ముందుగా ఇచ్చు డబ్బు. ఇది బహుమానము కాదు, తరువాతి కూలిలో తగ్గించబడును.
* '''మస్టరు''' - కూలీల హాజరు పట్టిక. 2006లో అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకముతో ఈ పదము గ్రామాలలో మరింత ప్రచారము పొందినది.
* '''క్రెడిట్, డెబిట్''' - పాసుపుస్తకములో ఖాతాకు జమ అయినది క్రెడిట్, ఖర్చు వ్రాసినది డెబిట్.
* '''ష్యూరిటీ''' - జామీను. దీనిని కేవలము సాక్షి సంతకముగా భావించరాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము ప్రకారము, ఒప్పందములో వేరుగా లేనిచో, జామీనుదారు బాధ్యత అప్పు తీసుకొన్నవాని బాధ్యతతో సమానము. సాక్షిని ఆంగ్లములో 'విట్నెస్' అంటారు.

== అభ్యసించు విధానము ==

పదాలను విడిగా కంఠస్థము చేయుటకంటె, అవి కనిపించు కాగితముతో కలిపి నేర్చుకొనుట ఉపయోగకరము. రైలు టికెట్టు, పాసుపుస్తకము, జీతపు చీటీ, మందుల చీటీ మంచి పాఠాలు. ప్రతి పదానికి తెలుగు వాడుకలోని అర్థమును, ఆంగ్లములోని అర్థమును పక్కపక్కన వ్రాసుకొన్నచో తేడా తెలుస్తుంది. ముఖ్యముగా సంతకము చేయవలసిన పత్రములోని పదాల అర్థాన్ని ముందుగానే తెలుసుకొనవలెను.

== ఆంగ్లములో తెలుగు పదము ==

పదాల రాకపోకలు రెండు వైపులా జరిగినవి. తెలుగు 'పందికొక్కు' నుండి ఆంగ్లములో 'బాండికూట్' అను పదము ఏర్పడినది. తరువాత ఆస్ట్రేలియాలోని వేరొక జంతువుకు కూడా అదే పేరు పెట్టబడినది. ఆ విధముగా తెలుగు పదము కూడా పరభాషలో అర్థము మార్చుకొన్నది.