స్ప్రింగు తిరిగితే ప్యాకెట్ పడాలి

చిరుతిళ్లు అమ్మే వెండింగ్ మెషీన్‌లో ఒక్కో వరసకు స్ప్రింగులా మెలితిరిగిన ఉక్కు తీగ ఉంటుంది. మెలికకూ మెలికకూ మధ్య ఒక్కో ప్యాకెట్ నిలబడుతుంది. బటన్ నొక్కగానే వెనకనున్న చిన్న మోటారు ఆ తీగను సరిగ్గా ఒక్క చుట్టు తిప్పుతుంది. వరసంతా ఒక మెలిక దూరం ముందుకు జరిగి, అన్నిటికన్నా ముందున్న ప్యాకెట్ కింద పడుతుంది. చుట్టు పూర్తవగానే మోటారు దగ్గరున్న స్విచ్ దాన్ని ఆపేస్తుంది.

అసలు నైపుణ్యం సరుకు నింపడంలో ఉంది. మెలికల మధ్య ఖాళీ ప్యాకెట్ మందం కన్నా కాస్తంతే ఎక్కువ ఉండాలి. బిగుతైతే ప్యాకెట్ ఇరుక్కుంటుంది, మరీ వదులైతే వాలిపోయి తీగకు వేలాడుతుంది. గాలి నింపిన చిప్స్ ప్యాకెట్లతో ఈ బెడద మరీ ఎక్కువ. అందుకే సన్నని చాక్లెట్లకు దగ్గర మెలికల తీగ, ఉబ్బిన ప్యాకెట్లకు ఎడం మెలికల తీగ బిగిస్తారు.

అయినా ఎప్పుడో ఒకటి చిక్కుకుంటుంది. అందుకని చాలా మెషీన్లలో కింది తొట్టి పైన, కంటికి కనబడని పరారుణ కిరణాలు అడ్డంగా ప్రసరిస్తుంటాయి. పడే వస్తువు వాటికి అడ్డొస్తేనే అమ్మకం జరిగినట్టు లెక్క. అడ్డు రాకపోతే మోటారు మరికాస్త తిరుగుతుంది. అప్పటికీ పడకపోతే మెషీన్ డబ్బు తిరిగి ఇస్తుంది, లేదా వేరే వస్తువు ఎంచుకోనిస్తుంది. కొనేవారికి న్యాయం చేసే భాగం ఇదే. గాజు సీసాలను మాత్రం ఇలా పడేయడం కుదరదు. కొన్ని మెషీన్లలో వాటిని చిన్న లిఫ్టు అందుకుని మెల్లగా దించుతుంది.