ఉద్యోగి వెళ్లిపోయాడు సరే... లాగిన్ వెళ్లిందా?

అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో ఎవరి పని వాళ్లది. దిమ్మలు దించేది కలాసీ, తూకం చూసేది కొలగారి, వేలం పాడేది వ్యాపారి, లెక్క రాసేది గుమస్తా. దిమ్మలు దించడానికి వచ్చినాయన గల్లాపెట్టె తెరుస్తానంటే ఎవరూ ఊరుకోరు. ఇది ఎవరూ రాసి పెట్టిన రూలు కాదు, వ్యాపారం చేసేవాడికి పుట్టుకతో తెలిసిన జాగ్రత్త.

అదే ఊళ్లో ఏదైనా చిన్న ఆఫీసుకెళ్లి కంప్యూటర్ ముందు చూడండి. ఒకే మెయిల్ ఐడీ, ఒకే పాస్‌వర్డ్. అది అకౌంటెంట్‌కి తెలుసు, టైపిస్టుకి తెలుసు, ఏడాది క్రితం మానేసి వైజాగ్ వెళ్లిపోయిన కుర్రాడికీ తెలుసు. గల్లాపెట్టె విషయంలో ఉన్న జాగ్రత్త కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి ఏమైపోతోంది?

ఇప్పుడీ ప్రశ్న పెద్ద కంపెనీలది మాత్రమే కాదు. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ చుట్టూ వందల కొద్దీ చిన్న కాంట్రాక్టర్లు, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు పనిచేస్తున్నాయి. 2025 అక్టోబర్‌లో గూగుల్ ప్రకటించిన డేటా సెంటర్ ప్రాజెక్టు స్థలాల్లో మన జిల్లాలోని రాంబిల్లి కూడా ఉంది. బిల్లులు, జీతాలు, కొటేషన్లు అన్నీ క్లౌడ్‌లోకి చేరిపోయాయి. కాబట్టి తాళాల గుత్తి ఎవరి దగ్గరుందో చూసుకోవాల్సిందే.

పాత లాగిన్ ఒక్కటి చాలు

2021 మే నెలలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ అనే కంపెనీ మీద సైబర్ దాడి జరిగింది. ఆ దేశపు తూర్పు తీరంలో వాడే ఇంధనంలో దాదాపు 45 శాతం ఆ గొట్టాల్లోంచే వెళ్తుంది. మే 7న పైప్‌లైన్ ఆపేశారు, మళ్లీ మొదలుపెట్టింది 12న. ఈలోపు పెట్రోల్ బంకుల దగ్గర బారులు. దొంగలకు కంపెనీ చెల్లించింది సుమారు 44 లక్షల డాలర్లు.

ఇంతకీ వాళ్లు లోపలికెలా వచ్చారు? సినిమాల్లో చూపించే మాయాజాలమేమీ లేదు. ఎవరూ వాడని ఒక పాత లాగిన్, ఎక్కడో బయటపడిన దాని పాస్‌వర్డ్. రెండో తాళంగా ఫోన్‌కి కోడ్ వచ్చే ఏర్పాటు లేదు. అంతే.

మన సత్య నాదెళ్ల నడిపే మైక్రోసాఫ్ట్‌కీ ఇలాంటి దెబ్బే తగిలింది. 2023 నవంబర్‌లో ఒక పాత టెస్ట్ అకౌంట్ పాస్‌వర్డ్‌ని హ్యాకర్లు ఊహించి పట్టుకున్నారు. దానికీ రెండో తాళం లేదు. అక్కడి నుంచి పెద్ద అధికారుల మెయిళ్ల దాకా వెళ్లారు. 2024 జనవరిలో కంపెనీయే ఈ సంగతి బయటపెట్టింది. ఈ తాళాలు తయారుచేసే కంపెనీకే అలా జరిగితే మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి!

డైరెక్టరీ అంటే ఏంటి?

పాత టెలిఫోన్ డైరెక్టరీ గుర్తుందా? ఊళ్లో ఎవరెవరున్నారు, వాళ్ల నంబర్ ఎంత అన్నది అందులో ఉండేది. కంపెనీ డైరెక్టరీ కూడా అలాంటిదే. ఎవరు మనవాళ్లు, వాళ్లకి దేన్ని ముట్టుకునే హక్కుంది అనే వివరాలు అందులో ఉంటాయి. మైక్రోసాఫ్ట్ 2000లో విండోస్‌తో పాటు యాక్టివ్ డైరెక్టరీని తెచ్చింది. అది ఆఫీసులోని సర్వర్‌లో ఉండేది. తర్వాత క్లౌడ్‌లో అజూర్ యాక్టివ్ డైరెక్టరీ వచ్చింది. 2023లో దాని పేరు ఎంట్రా ఐడీగా మార్చారు. గూగుల్ వర్క్‌స్పేస్ వాడేవాళ్లకి అడ్మిన్ కన్సోల్‌లో ఇదే పని జరుగుతుంది.

ఎవరైనా లాగిన్ అయిన ప్రతిసారీ డైరెక్టరీ రెండు ప్రశ్నలు వేస్తుంది. ఒకటి, నువ్వు నిజంగా నువ్వేనా? రెండు, నీకు ఈ గదిలోకి వచ్చే హక్కుందా? ఈ రెండూ వేర్వేరు. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పంపినంత మాత్రాన బీరువా తాళం చేతికివ్వరు కదా.

మనిషికి కాదు, పనికి హక్కు

చాలా ఆఫీసులు చేసే పొరపాటు ఏంటంటే, హక్కుల్ని ఒక్కో మనిషికి విడివిడిగా ఇవ్వడం. రమేష్‌కి ఈ ఫోల్డర్, సుజాతకి ఆ ఫోల్డర్... ఏడాది తిరిగేసరికి ఎవరికి ఏముందో ఎవరికీ తెలియదు. దీనికి మందు గ్రూపులు. ‘అకౌంట్స్’, ‘గోడౌన్’, ‘డిస్పాచ్’ అని గ్రూపులు పెట్టి, హక్కులు గ్రూపుకే ఇవ్వాలి. మనిషి డిపార్ట్‌మెంట్ మారితే పాత గ్రూపులోంచి తీసి కొత్త దాంట్లో వేస్తే సరి. పాత గ్రూపులోంచి తీయడం మర్చిపోతే మాత్రం మళ్లీ మొదటికే వస్తుంది. పదేళ్లు పనిచేసినాయన చేతిలో పది డిపార్ట్‌మెంట్ల తాళాలుంటాయి.

మానేసిన రోజు ఏం చేయాలి?

అసలు ప్రమాదం ఇక్కడే. మంచిగా విడిపోయినా సరే, గొడవపడి వెళ్లినా సరే, ఆఖరి రోజు సాయంత్రంలోగా ఈ వరస పాటించండి.

1. ముందు సైన్ ఇన్ బ్లాక్ చేయండి. వెంటనే డిలీట్ చేయొద్దు, మెయిళ్లూ ఫైళ్లూ పోతాయి.

2. తెరిచి ఉన్న సెషన్లన్నీ రద్దు చేయండి. లేకపోతే అతని సొంత ఫోన్‌లో మెయిల్ ఇంకాసేపు తెరుచుకుంటూనే ఉండొచ్చు.

3. మెయిల్, ఫైళ్లు అతని స్థానంలో వచ్చినవాళ్లకి అప్పగించండి.

4. అతనికి తెలిసిన ఉమ్మడి పాస్‌వర్డులన్నీ మార్చండి.

5. అన్నీ అయ్యాకే డిలీట్. ఎంట్రా ఐడీలో 30 రోజుల్లోపు, గూగుల్ వర్క్‌స్పేస్‌లో 20 రోజుల్లోపు అకౌంట్‌ని వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత కుదరదు.

కాంట్రాక్టు మీద మూడు నెలలకి వచ్చేవాళ్ల విషయంలో అయితే, చేరిన రోజే ఆఖరి తేదీ రాసిపెట్టుకోండి.

పెద్ద తాళం ఎవరి దగ్గర?

‘మీ అడ్మిన్ ఎవరండీ?’ అని అడిగితే ‘సెటప్ చేసినాయన చూసుకుంటాడు’ అనో, ‘మా మేనల్లుడికి తెలుసు’ అనో వినిపిస్తుంది. సెటప్ చేసినాయన షాపు మూసేసినా, మేనల్లుడు బెంగళూరు వెళ్లి ఫోన్ నంబర్ మార్చినా, సొంత కంపెనీ మెయిల్ కోసం మీరు కంపెనీల చుట్టూ రుజువులు పట్టుకుని తిరగాలి. అడ్మిన్ అకౌంట్ యజమాని పేరు మీదే ఉండాలి. రోజూ మెయిల్ చూసుకునే అకౌంట్‌కి అడ్మిన్ హక్కు ఉండకూడదు. సంపూర్ణ హక్కులున్న అడ్మిన్లు ఐదుగురికి లోపే ఉండాలనీ, అత్యవసరానికి విడిగా రెండు అకౌంట్లు దాచుకోవాలనీ మైక్రోసాఫ్టే చెబుతోంది.

ఇక రెండో తాళం. ఫోన్‌లో యాప్ ద్వారా అనుమతిచ్చే పద్ధతి ఎంట్రా ఐడీ ఉచిత ప్లాన్‌లోనూ ఉంది. ‘సెక్యూరిటీ డిఫాల్ట్స్’ అనే ఒక్క స్విచ్ వేస్తే చాలు. ‘ప్రతిసారీ ఫోన్ తీయాలా?’ అని స్టాఫ్ రెండు వారాలు విసుక్కుంటారు, తర్వాత అలవాటైపోతుంది. కాకపోతే ఒక మాట గట్టిగా చెప్పాలి: మనం లాగిన్ కానప్పుడు ఫోన్‌కి అనుమతి అడుగుతూ మెసేజ్ వస్తే ‘అప్రూవ్’ నొక్కకూడదు.

ఇదంతా మన డబ్బు గురించే కాదు. ఆ ఫైళ్లలో స్టాఫ్ ఆధార్ కాపీలున్నాయి, కస్టమర్ల ఫోన్ నంబర్లున్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రత పాటించకపోతే గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. చిన్న ఆఫీసుకి అంత పడకపోవచ్చు. కానీ మనల్ని నమ్మి ఆధార్ ఇచ్చిన మనిషికి మనం జవాబు చెప్పాలి.

ఈ వారంలో ఒక గంట తీసుకోండి. అడ్మిన్ పేజీ తెరిచి యూజర్ల లిస్టు ప్రింట్ తీయండి. జీతాల రిజిస్టర్ పక్కన పెట్టుకుని ఒక్కో పేరూ టిక్ పెట్టండి. జీతం తీసుకోని పేరు ఏది కనిపించినా ఎందుకుందో అడగండి. సరైన జవాబు రాకపోతే ఆ లాగిన్‌ని అప్పటికప్పుడే బ్లాక్ చేయండి.